ఇంటి సేద్యానికి యంత్రాన్ని ఎంచుకోవడం

పెద్దతిప్పసముద్రం పరిసరాలలో సేద్యం చేసే వారికి ‘పదును’ అన్న మాటను వివరించనక్కరలేదు. ఇతర ప్రాంతాల పాఠకుల కొరకు చెబుతున్నాము. వాన కురిసి, నీరు ఇంకిన తరువాత, మట్టి చేతికి జిగటగా అంటుకోకుండా, గడ్డకట్టి రాయిలా మారకుండా ఉండే స్వల్పకాలాన్ని మా రాయలసీమలో పదును అంటారు. ఆ కాలంలోనే దున్నాలి, విత్తాలి. మాది కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతం. నేల ఎక్కువగా ఎర్రమట్టి, నడుమ నడుమ గులకరాళ్లు. ఊరి పేరులో సముద్రం ఉన్నది గాని అది చెరువుకు పూర్వులు పెట్టిన గౌరవనామమే. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఎండ తీవ్రంగా ఉంటే ఒక్కరోజులోనే పోతుంది.

ఇంటి సేద్యానికి యంత్రాన్ని ఎంచుకునే సమస్య ఈ రెండు మూడు రోజులలోనే పుడుతున్నది. వాన పడిన మరుసటి ఉదయం ఊరంతటికీ ట్రాక్టరు కావాలి. ట్రాక్టర్లు ఉన్నవి కొన్నే. పెద్ద చేలు ఉన్నవారి పని ముందు జరుగుతుంది. రెండెకరాల వాని వంతు వచ్చేసరికి పదును దాటిపోతుంది. వేరుశనగ విత్తనం సంచిలోనే ఉండిపోతుంది. కాబట్టి చిన్న రైతు తన ఇంటనే ఒక యంత్రం ఉండాలని కోరుకోవడంలో ఆడంబరమేమీ లేదు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే ఆ కోరికను తీర్చుకునే పద్ధతిలో ఎన్నో కుటుంబాలు అప్పులపాలవుతున్నాయి. అందుచేతనే, మా కుటుంబం ఈ విషయంలో చేసిన ఆలోచనను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మేము మదరసాలో పాఠాలు చెప్పుకొనే వారము. పొలం చూసేది మా తమ్ముడు. ఉన్నది రెండున్నర ఎకరాలు. వానాకాలం వేరుశనగ, బోరులో నీరు ఉన్నంత మేరకు టమాట. పండిన టమాట మదనపల్లె మార్కెట్టుకు వెళుతుంది. ఒకనాడు బుట్ట ధర ఇంటిల్లిపాదిని నవ్విస్తుంది, మరొకనాడు కోత కూలి కూడా తిరిగి రాదు. కాడెద్దులు ముసలివయ్యాయి. వాటి తరువాత ఏమిటన్న ప్రశ్న ఇంటిలో మొదలయింది. తమ్ముని కుమారుడు ఇరవై ఏండ్ల యువకుడు. “బడే అబ్బా, తీసుకుంటే నలభై ఐదు హెచ్‌పీ ట్రాక్టరే తీసుకోవాలి. మన పని అయ్యాక బాడుగకు తిప్పితే కిస్తీ అదే కట్టుకుంటుంది” అన్నాడు. తమ్ముడు ఏమీ అనలేదు. అతనికి మోకాళ్ల నొప్పి. మడక వెనుక నడిచే శక్తి తగ్గింది.

ఇటువంటి విషయంలో అంగడికి వెళ్లడానికి ముందు ఇంటిలో కూర్చొని లెక్క వ్రాయడం మేలు. మొదట వ్రాయవలసినది యంత్రం పేరు కాదు, మన పని ఎంత అన్నది.

ఒక ఎకరం అంటే నూరు సెంట్లు, అనగా దాదాపు 4,047 చదరపు మీటర్లు. నాటు మడక ఒక సాలుకు సుమారు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు దున్నుతుందనుకుంటే, ఎకరం ఒకసారి దున్నడానికి ఎద్దుల వెనుక ఇరవై కిలోమీటర్లు నడవాలి. మన తాతలు అంత నడిచారు. అరవై సెంటీమీటర్ల వెడల్పు రోటరీ ఉన్న పవర్ టిల్లరుతో ఆ నడక ఆరు కిలోమీటర్ల ముప్పావుకు తగ్గుతుంది. అయినా నడక నడకే, అదీ చేతులు అదిరే హ్యాండిలు పట్టుకొని. మీటరు వెడల్పు రోటవేటరు తగిలించిన మినీ ట్రాక్టరు అదే ఎకరంలో నాలుగు కిలోమీటర్లు తిరుగుతుంది. మనిషి కూర్చొని ఉంటాడు. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో, మలుపులతో కలిపి ఎకరానికి గంటన్నర అనుకోవచ్చును.

ఇప్పుడు ఏడాది లెక్క. రెండు పంటలకు, పంటకు మూడేసి సార్లు నేలను కదిలించాలంటే ఏడాదికి ఆరు సార్లు. రెండున్నర ఎకరాలను ఆరుతో గుణిస్తే పదిహేను ఎకరాల పని. మినీ ట్రాక్టరుకు అది ఇరవై మూడు గంటల పని మాత్రమే. ఏడాదిలో ఉన్న రోజులు 365. ఆ యంత్రం మన చేనిలో పనిచేసేది మూడు రోజులకు సరిపడా గంటలు. మిగిలిన కాలమంతా అది చెట్టు క్రింద నిలబడి ఉంటుంది.

దాని ప్రక్కన అప్పు లెక్క వ్రాయండి. ఉదాహరణకు మూడు లక్షల రూపాయలు, నూటికి పది వడ్డీ, అయిదేండ్ల గడువు. నెలకు కిస్తీ సుమారు 6,374 రూపాయలు. అరవై కిస్తీలు పూర్తయ్యేసరికి చెల్లించినది మూడు లక్షల ఎనభై రెండు వేలు దాటుతుంది. ఏడాదికి కట్టేది డెబ్బై ఆరు వేల పైచిలుకు. అదే పదిహేను ఎకరాల పనిని పెద్ద ట్రాక్టరును బాడుగకు పిలిచి, ఎకరానికి ఒక గంట, గంటకు వెయ్యి రూపాయలు అనుకొని చేయిస్తే అయ్యేది పదిహేను వేలు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపినప్పుడు మా అబ్బాయి కొంతసేపు మౌనంగా కూర్చున్నాడు. తరువాత, “బాడుగ ట్రాక్టరు పదునులో రాదు కదా, బడే అబ్బా!” అన్నాడు. అతడు చెప్పినదీ నిజమే. రాని ట్రాక్టరు ఎంత చవక అయితే ఏమి లాభం?

అప్పుడు లోపలి గది నుండి మా మరదలు ఒక ప్రశ్న అడిగింది. “భాయ్‌జాన్, ఎద్దులు పని లేని రోజున కూడా మేత తినేవి. ఈ యంత్రం పని లేని రోజున ఏమి తింటుంది?” నగదుకు కొన్న యంత్రం పని లేని రోజున ఏమీ తినదు. వడ్డీకి కొన్న యంత్రం ప్రతి రోజూ తింటుంది. వాన పడని ఏడు కూడా తింటుంది, టమాట బుట్టలు రోడ్డున పారబోసిన నెలలో కూడా తింటుంది. పైగా వడ్డీ మన ధర్మంలో నిషిద్ధమన్నది వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాత్రి మా ఇంటిలో ఒక విషయం స్థిరపడింది. యంత్రం అవసరమే, కాని కిస్తీల యంత్రం వద్దు.

ఇక ఏ యంత్రం? మా ప్రాంతంలో చిన్న రైతు ముందు నాలుగు మార్గాలు ఉన్నాయి. వాటి గుణదోషాలను పరిశీలిద్దాము.

మొదటిది పవర్ వీడరు. అయిదు నుండి ఏడు హెచ్‌పీ వరకు ఉండే చిన్న యంత్రం. టమాట చేనిలో కట్టెలు నాటి, తీగెలు కట్టిన తరువాత సాళ్ల మధ్యకు ట్రాక్టరు పోలేదు, వీడరు పోతుంది. కలుపు కూలి భారం తగ్గుతుంది. అయితే డ్రిప్పు పైపులను ప్రక్కకు జరపకుండా నడిపితే అవి కత్తులకు చుట్టుకొని తెగిపోతాయి. గట్టినేలలో తొలి దుక్కికి ఇది చాలదు, నేలమీద ఎగిరెగిరి పడుతుంది. కలుపుకే దీనిని వాడాలి.

రెండవది పవర్ టిల్లరు. రెండు చక్రాలు, పొడవైన హ్యాండిలు. ఈ యంత్రం మన దేశానికి జపాను నుండి వచ్చింది. బెంగళూరులోని వీఎస్‌టీ సంస్థ 1967లో మిత్సుబిషి సహకారంతో మొదలయింది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్కో 1973లో ఏర్పడింది. జపానులో దానిని రూపొందించినది చిన్న చిన్న వరి మళ్ల కొరకు. అందుచేత నీరు పెట్టిన మడిలో అది హాయిగా నడుస్తుంది. మా మెట్టనేలలో పదును ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, ఎండిన నేలలో మనిషిని కుదిపివేస్తుంది. రోటరీతో కలిపి దాని బరువు దాదాపు నాలుగు క్వింటాళ్లు. ఒక జాగ్రత్త తప్పక తెలుసుకోవాలి. చదునైన నేలమీద ఎడమ చేతి స్టీరింగు క్లచ్చు నొక్కితే యంత్రం ఎడమకు తిరుగుతుంది. నిటారైన దిగుడులో అదే క్లచ్చు నొక్కితే కుడికి తిరుగుతుంది, ఎందుకనగా ఇంజను పట్టు విడిచిన చక్రం వాలులో వేగంగా దొర్లిపోతుంది. హార్స్‌లీ కొండల చుట్టూ వాలు చేలు ఉన్నవారు ఈ విషయం తెలియకుండా టిల్లరును గట్టు దింపరాదు.

మూడవది మినీ ట్రాక్టరు. పదిహేను నుండి ఇరవై హెచ్‌పీ వరకు ఉంటుంది. బరువు ఎనిమిది క్వింటాళ్లకు అటు ఇటు. వెడల్పు తక్కువ గనుక చిన్న మడిలో కూడా మలుపు తిరుగుతుంది. మందు పిచికారీకి, చిన్న ట్రాలీకి కూడా పనికి వస్తుంది. లోతు దుక్కి మాత్రం దానితో కాదు.

నాల్గవది పెద్ద ట్రాక్టరు. దాని బరువు రెండు టన్నుల వరకు ఉంటుంది. వేసవి లోతు దుక్కికి దానికి మించినది లేదు. అయితే తడినేల మీద దానిని మాటిమాటికీ తిప్పితే పైమట్టి గుల్లగా ఉన్నట్లు కనబడుతూ అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. వేళ్లు ఆ పొర దగ్గర ఆగిపోతాయి, వాననీరు కూడా అక్కడే ఆగుతుంది. ఏడాదికి ఒకసారి దానిని బాడుగకు పిలవడం చాలు. వేసవి దుక్కికి పదును తొందర లేదు కాబట్టి మన వంతు ఆలస్యమైనా నష్టం ఉండదు.

యువకులు హెచ్‌పీ అంకెను చూసి మోజుపడతారు. ఒక జత ఎద్దుల బలం రమారమి ఒక హెచ్‌పీ. ఆ ఒక్క హెచ్‌పీతో మన పెద్దలు ఇండ్లు నడిపారు, పిల్లలను చదివించారు. పద్దెనిమిది హెచ్‌పీ మనకు చాలదా అన్నది ఒక ప్రశ్న. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. బలం ఇంజనులో ఎంత ఉన్నా, చక్రానికి నేలమీద పట్టు లేకపోతే ఆ బలమంతా టైరు తిరగడానికే ఖర్చవుతుంది.

ఈ మాటను మాకు మరింత స్పష్టం చేసినది మట్టి ఎరుగని చోట నుండి వచ్చిన ఒక ఫోను. మా వద్ద చదువుకొన్న శిష్యుడొకడు అమెరికా ఉత్తరాన మిషిగన్ రాష్ట్రంలో కుటుంబంతో ఉంటున్నాడు. అక్కడ శీతకాలంలో మంచు మోకాలి లోతు కురుస్తుంది. వీధి నుండి ఇంటి కారు షెడ్డు దాకా ఉండే సొంత దారిని ఇంటివారే శుభ్రం చేసుకోవాలి, లేకపోతే పనికి పోవడానికి కారు బయటకు రాదు. అందుకొరకు అక్కడివారు కొందరు ఏటీవీ అనే నాలుగు లావు చక్రాల చిన్న బండిని కొని, ముందు ఇనుప పలక తగిలించి మంచును నెట్టివేస్తారు. ఆ పలకను కూడా ఇంగ్లీషువారు మడక పేరుతోనే పిలుస్తారట. “హజ్రత్, ఇక్కడ అందరూ అదే కొంటున్నారు. మేమూ కొనాలనుకుంటున్నాము” అన్నాడు. మా ఇంటిలో అప్పుడు నడుస్తున్న చర్చను అతనికి చెప్పి, “బాబూ, ముందు నీ దారి ఎన్ని అడుగులు ఉన్నదో కొలిచి చూడు” అన్నాము.

అతడు కొలిచాడు, తెలుసుకున్నాడు, వారం తరువాత వివరంగా చెప్పాడు. ఆ బండికి ఇంజను శక్తి ఎన్నడూ కొరత కాదట; మంచు మీద చక్రం జారడమే అసలు కష్టం. అందుచేత నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేదే తీసుకోవాలి, టైర్లకు గొలుసులు చుట్టాలి, వెనుక బరువు పెట్టాలి. పలక అయిదడుగులదైనా, మంచు ప్రక్కకు పడడానికి దానిని ముప్పై డిగ్రీలు వాల్చితే శుభ్రమయ్యేది నాలుగడుగుల మూడో వంతు మాత్రమే. తడిమంచు పొడిమంచుకు రెండు మూడు రెట్లు బరువు తూగుతుంది కాబట్టి కురుస్తున్నప్పుడే రెండు మూడు విడతలుగా తీయాలి. ఇన్ని చెప్పి, చివరకు, “మా దారి ఇరవై గజాలే, హజ్రత్. చేతితో నెట్టే మంచు యంత్రం చాలును. ఏటీవీ పొడవు దారి ఉన్న పొరుగువారికి తగినది” అన్నాడు. మంచుకైనా మట్టికైనా ప్రశ్నలు అవే. ఎంత స్థలం, ఏడాదిలో ఎన్ని రోజులు, నేలమీద ఎంత పట్టు, నడిపేది ఎవరు, డబ్బు ఎక్కడిది.

మా లెక్కకు తిరిగి వద్దాము. మా ఒక్క ఇంటికి మినీ ట్రాక్టరు ఎక్కువ, పవర్ టిల్లరుకు తమ్ముని మోకాళ్లు ఒప్పుకోవు, బాడుగ ట్రాక్టరు పదునులో రాదు. ఈ మూడింటి నడుమ దారి ఏదని ఆలోచించినప్పుడు పొరుగు చేలు గుర్తుకు వచ్చాయి. ఒక ప్రక్క మా చిన్నాన్న కుమారునివి రెండెకరాలు. మరొక ప్రక్క ఒక హిందూ సోదరునివి మూడెకరాలు. ఆయనను మేము అన్నా అని పిలుస్తాము. ఆయన పిల్లలు మా తమ్ముని మామా అంటారు. మూడు ఇండ్లు కలిస్తే ఏడున్నర ఎకరాలు. ఏడాదికి మినీ ట్రాక్టరు పని అరవై ఏడు గంటలు దాటుతుంది, ఖర్చు మూడు వాటాలవుతుంది. అన్న దగ్గర పవర్ వీడరు అప్పటికే ఉన్నది కనుక కలుపు పనికి వేరే యంత్రం అక్కరలేదు.

కొత్తది కొనాలా, వాడినది కొనాలా అన్న ఆలోచన కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళా రైతులకు పరిమితికి లోబడి ధరలో సగం వరకు రాయితీ ఉన్నది. అది కొత్త యంత్రాలకు వర్తిస్తుంది. పాఠకులు తమ రైతు సేవా కేంద్రంలో విచారించుకొనవచ్చును. రాయితీ పోను మిగిలిన సొమ్మును నగదుగా కట్టగలరా, లేక అప్పుతో ముడిపడి ఉన్నదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. మా మూడు ఇండ్ల చేతిలో ఉన్న పైకంతో కొత్తది సాధ్యపడలేదు. కావున వాడిన యంత్రాన్నే వెదికాము.

వాడిన ట్రాక్టరును చూసేటప్పుడు మెకానిక్కును వెంట తీసుకొని పోవాలి, ఉదయాన్నే పోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన రోగాన్ని దాచుతుంది. పొగ నీలంగా వస్తూనే ఉంటే ఇంజను ఆయిలు మండిపోతున్నదని అర్థం. రోటవేటరును హైడ్రాలిక్కుతో పైకెత్తి పది నిమిషాలు వదిలిపెట్టి చూడాలి. దానంతట అది దిగిపోతుంటే లిఫ్టులో లోపం ఉన్నది. క్లచ్చు, గేర్లు, టైర్ల పక్కగోడల పగుళ్లు చూడాలి. అన్నింటికంటే ముందు ఆర్.సి. చూడాలి. అందులో ఫైనాన్సు సంస్థ పేరు ఇంకా ఉంటే, అది తొలగించనిదే డబ్బు ఇవ్వరాదు. పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం నుండి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. సరిహద్దు మండలాల వారికి ఈ మాట ముఖ్యం.

మాకు బి.కొత్తకోట వైపు ఒక రైతు వద్ద పద్దెనిమిది హెచ్‌పీ బండి, మీటరు రోటవేటరుతో సహా దొరికింది. అతనికి డబ్బు తొందర ఉన్నది. మా వద్ద మూడింట రెండు వంతులే సిద్ధంగా ఉన్నది. మిగిలిన వంతును ఆరు నెలల తరువాత, టమాట డబ్బు చేతికి వచ్చినప్పుడు ఇచ్చే ఒప్పందం కోరాము. అతడు, “అయితే కొంచెం ఎక్కువ ఇవ్వండి సాయిబూ” అన్నాడు. ఈ సందర్భంలో పాఠకులకు ఒక మస్‌అలా తెలిసి ఉండాలి. గడువు ఇచ్చి అమ్మేవాడు నగదు ధర కంటే ఎక్కువ ధర అడగడం తప్పు కాదని ఫుఖహాలలో అత్యధికుల అభిప్రాయం. అయితే బేరం కుదిరే చోటనే ఒకే ధర తేలిపోవాలి. తరువాత చెల్లింపు ఆలస్యమైనా ఆ ధర పెరగరాదు. ఆలస్యానికి రుసుము చేర్చిన క్షణాన అది వడ్డీ అవుతుంది. ఆ విధంగానే ఒక ధరకు ఒప్పుకొని, సాక్షుల ముందు కాగితం వ్రాసుకున్నాము. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోవడం గురించినదేనన్న సంగతి మన ఇండ్లలో అందరికీ తెలుసు; కాని సొంత బంధువుతో వ్యవహారం వచ్చినప్పుడు కాగితం అడగడానికి సిగ్గుపడతాము.

భాగస్థుల మధ్య కాగితం మరింత అవసరం. మా మదరసాలో పెద్ద తరగతులకు బోధించే హిదాయాలో షిర్కత్ అనగా భాగస్వామ్యానికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. ఒక వస్తువు ఇద్దరు ముగ్గురికి ఉమ్మడి సొత్తు అయినప్పుడు, రెండవవాని వాటా విషయంలో ప్రతివాడూ పరాయివాడే. అతని అనుమతి లేకుండా దానిని వాడరాదు. ఉమ్మడి వస్తువును వంతుల వారీగా వాడుకొనే పద్ధతికి ముహాయాత్ అని పేరు. శతాబ్దాల క్రితం ఉమ్మడి ఇంటికీ, ఉమ్మడి పశువుకూ వ్రాసిన ఆ నియమాలు మా చిన్న ట్రాక్టరుకు చక్కగా సరిపోయాయి.

మా ఒప్పందంలోని అంశాలను చెబుతాము. ఎవరికైనా ఉపయోగపడవచ్చును. ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారి వాటా. డీజిలు ఎవరి చేనికి వారే పోసుకోవాలి. వాడిన గంటలను నోటుపుస్తకంలో అదే రోజు వ్రాయాలి. ఆయిలు, ఫిల్టరు, రోటవేటరు కత్తుల ఖర్చును ఆ గంటల ప్రకారం పంచుకోవాలి. నిర్లక్ష్యం వలన విరిగినది విరిచినవారి ఖర్చు, అరుగుదల అందరి ఖర్చు. ఎవరైనా విరమించుకోదలిస్తే, యంత్రాల విషయం తెలిసిన ఇద్దరు కట్టిన వెలకు మిగిలినవారు ఆ వాటా కొనుక్కోవాలి. భాగస్థులలో ఒకరు మరణిస్తే ఆ వాటా వారసులది. ఈ చివరి మాట వ్రాసేటప్పుడు అందరూ కొంచెం జంకారు. అన్నగారు మాత్రం, “రాయండి హజ్రత్ సాబ్, రేపు పిల్లోళ్లు కొట్లాడుకోకుండా ఉంటారు” అన్నారు.

అన్నింటికంటే కష్టమైన అంశం పదునులో ఎవరిది ముందు అన్నది. డబ్బు ఎక్కువ పెట్టినవాడు ముందు అంటే రెండవ ఏడే కలహం వస్తుంది. దీనికి పరిష్కారం చూపినది మా తమ్ముడు. మిట్టమీది గులకనేల ముందు ఆరుతుంది, చెరువు దిగువ నేలలో తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. కాబట్టి ముందు ఆరే చేను ముందు, ఆలస్యంగా ఆరేది తరువాత. నేల చెప్పిన వరుసనే వంతుల వరుసగా వ్రాసుకున్నాము. ఆ వరుసలో మా చేను మూడవది. గత ఖరీఫులో తొలి మంచి వానకు మూడు ఇండ్ల చేలూ రెండు రోజులలో పూర్తయ్యాయి. రెండవ రోజు మగ్రిబ్ సమయానికి మా చేనిలో చివరి సాలు పడింది. పదును ఇంకా మిగిలి ఉన్నది.

బండిని నడిపేది మా అబ్బాయి. పెద్ద ట్రాక్టరు రాలేదన్న చింత అతనికి ఇప్పటికీ కొంత ఉన్నది. దానిని మేము తప్పుపట్టము. బాడుగకు పోవడానికి అతనికి అనుమతి ఇచ్చాము. అయితే మూడు ఇండ్ల పని పూర్తయిన తరువాతనే, వచ్చిన సొమ్ములో మొదటి భాగం మరమ్మతుల పెట్టెలో వేసిన తరువాతనే. అతనికి రోజుకూలి వేరుగా ఇస్తున్నాము. ఉమ్మడి ఆస్తి మీద కుర్రవాని శ్రమ ఉచితమని భావించడం కూడా ఒక అన్యాయమే.

ఇంటి స్త్రీలకూ, పిల్లల తల్లులకూ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ట్రాక్టరు వెనుక రోటవేటరును తిప్పే కడ్డీ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. దానికి లుంగీ అంచు గాని, దుపట్టా కొన గాని తగిలితే, అయ్యో అనే లోపల మనిషిని లాగివేస్తుంది. కడ్డీ మీద తొడుగు లేని యంత్రాన్ని నడపనివ్వరాదు. పిల్లలను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకొని చేనికి తీసుకొనిపోయే ముద్దు మన ఊళ్లలో ఎక్కువ. ఆ ముద్దును మానుకోవాలి. కత్తులలో ఇరుక్కున్న గడ్డిని ఇంజను ఆపిన తరువాతనే తీయాలి. కొన్న మొదటి రోజుననే మా అమ్మీ ఈ మూడు నియమాలను మనవనితో ఒట్టు పెట్టించుకొన్నది.

చివరగా మరొక విషయం. దివ్య ఖుర్ఆన్‌లోని 107వ సూరా పేరు అల్ మాఊన్. ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనే చిన్న చిన్న వాడుక వస్తువులని ఆ మాటకు అనేకమంది వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. గొడ్డలి, బొక్కెన, కుండ వంటివి. మినీ ట్రాక్టరు అంత చిన్న వస్తువు కాదు, నిజమే. అయినా మా చేనికి దగ్గరలో భర్తను కోల్పోయిన ఒక సోదరికి ముప్పై సెంట్ల నేల ఉన్నది. పదునులో ఆమె పిలుపుకు ఏ ట్రాక్టరూ రాదు. అంత చిన్న మడి కొరకు వచ్చి పోవడం ఎవరికీ గిట్టదు. మా కాగితంలో చివరి అంశంగా, మూడు ఇండ్ల వంతులలో మొదటి వంతుతో పాటు ఆమె మడిని కూడా దున్ని రావాలని, దానికి బాడుగ తీసుకోరాదని వ్రాసుకొన్నాము. యంత్రానికి అది అరగంట పని.

యంత్రం కొనదలచిన సోదరులు మొదట తమ చేనిని కొలుచుకోవాలి, ఏడాదిలో ఎన్ని గంటల పని ఉన్నదో వ్రాసుకోవాలి, ప్రక్క చేని వారితో ఒకసారి కూర్చొని మాట్లాడాలి. ఆ తరువాతనే అంగడికి పోవాలి. అల్లాహ్ మన కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక, మన ఇండ్లను వడ్డీ భారం నుండి కాపాడుగాక, వానలను వేళకు కురిపించుగాక. ఆమీన్.